పేరు లేని పడవ

ఫణిభూషణ్‌కి తొందర ఎక్కువ. బరంపురంలో మా ఇద్దరిదీ ఒక చిన్న గేమ్ కంపెనీ. అతను కోడ్ రాస్తాడు, నేను తప్పులు పడతాను, అతను మొహం ముడుచుకుంటాడు.

దగ్గర్లోని మార్కండి అనే జాలరి ఊరి పడవలతో ఒక ఆట చేశాం. తెరమీద పడవను తాకితే యజమాని ఫొటో, పేరు కనిపించాలి. వివరాల కోసం ఊళ్ళోకి వెళ్ళినప్పుడు చిట్టమ్మ తన భర్త ఫొటో పట్టుకొచ్చింది. అతను తుఫానులో పడవతో సహా పోయాడు. శవం కూడా దొరకలేదు.

"ఆటలోనన్నా మా పడవ తిరుగుతాది కదా బావూ," అంది.

ఫణి పేరడిగాడు.

"మొగుడి పేరు నోటితో ఎలాగ సెప్తాను? ఊరందరికీ తెలుసు, ఎవలినైనా అడుగు."

మా అమ్మమ్మ కూడా చెప్పేది కాదు, అందులో వింతేమీ లేదు. పక్కింట్లో అడిగితే సరిపోయేది. తర్వాత చూద్దామని ఈ మహానుభావుడు ఖాళీ వదిలేశాడు.

ఊళ్ళో ఆట చూపించే రోజు పొద్దున్న, ఆ పడవను తాకగానే ఆట ఆగిపోయింది. నల్ ఎర్రర్. పేరుండాల్సిన చోట ఏమీ లేదు, కోడ్ వెళ్ళి అక్కడే వెతుకుతోంది.

"ఫోన్ చేసి పేరు కనుక్కో," అన్నాను.

"టైమైపోనాది సాయిపద్మా, నువ్వూరుకో," అంటూ, పేరు లేని పడవను చూపించవద్దని ఒక్క లైను రాశాడు. ఆట ఆగడం మానేసింది. అతనికి అదే ఘనకార్యం.

మార్కండిలో తెర చుట్టూ జనం మూగారు. ఎవరి పడవను వాళ్ళు తాకి మురిసిపోయారు. చిట్టమ్మ ఆ చివర నుంచి ఈ చివరకి చూసింది. మళ్ళీ చూసింది.

"మాది నేదేటి?" అంది.

నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఆమె ఇంకెవరినీ ఏమీ అడగకుండా ఇంటికి వెళ్ళిపోయింది.

మర్నాడు అతనే నలుగురినీ అడిగి కాసులు అనే ఆ పేరు పెట్టాడు. పడవ వచ్చింది, ఫొటో వచ్చింది. ఫోన్ పట్టుకుని మళ్ళీ వెళ్ళాం. చిట్టమ్మ ఇంటిముందు చేపలు ఆరబెడుతోంది.

"తప్పైపోనాదమ్మా, ఒక్క పాలి సూడు," అన్నాడు ఫణి. ఫోన్ ఆమె ముందు పట్టుకుని అలాగే వంగి నిలబడ్డాడు. అప్పుడు మాత్రం జాలేసింది.

ఆమె ఫోన్ వైపు తిరగలేదు.

"తుఫానొచ్చిన ఏడు ఒడ్డంతా ఎతికినాను. నిన్న నీ ఆటలో ఎతికినాను. ఇంక నా వల్ల కాదు బావూ," అంది.