ఎడమ నుంచి రెండో మనిషి

పాత పుస్తకాల కంప్యూటర్ ఫైళ్లలోంచి బొమ్మలనూ వాటి కింది క్యాప్షన్లనూ విడదీసి జతచేయడం మా ఆఫీసులో నా పని. చేత్తో కాదు, స్క్రిప్టు అనే చిన్న కంప్యూటర్ ప్రోగ్రాముతో. "చిత్రం" అన్న మాటతో మొదలయ్యే వాక్యం ఎక్కడుందో అది వెతుకుతుంది. దానికి సరిగ్గా పైనున్న బొమ్మను పట్టుకుని, రెంటికీ ఒకే నంబరు వేసి పక్కన పెడుతుంది. అవి సరైన జంటలో కావో చూడడం నా వంతు. ఒక్కోసారి వంతెన బొమ్మ కింద కప్ప పొట్ట గురించి ఉంటుంది. అలాంటిది దొరికినప్పుడల్లా పక్క సీటు అక్క పడీపడీ నవ్వుతుంది. "కుదిర్చిన పెళ్లిళ్లన్నీ ఇంతేనే," అంటుంది.

ఆ వారం నీటి పరీక్షల కేంద్రం వాళ్ల పాతికేళ్ల సంచిక, వాళ్ల వెబ్‌సైటులో పెట్టడం కోసం, మా దగ్గరికి వచ్చింది. అందులో చివరి పదకొండేళ్లలో ఏడాదికొకటిగా తీసిన పదకొండు సిబ్బంది ఫోటోలు ఉన్నాయి. స్క్రిప్టు బయటికి తీసినవి పేజీలో ఉన్నవాటికంటే వెడల్పుగా వచ్చాయి. అందులో వింతేమీ లేదు. కంప్యూటర్లో పేజీలు కట్టేవాళ్లు ఫోటోను ఒక చట్రంలో పెట్టి, అక్కర్లేని భాగాన్ని చట్రం అవతలికి జరుపుతారు. అచ్చులో కనిపించదు కాబట్టి పోయిందనుకుంటారు. పోదు. తలుపు వెనక నక్కిన మనిషిలా ఫైల్లోనే ఉంటుంది.

మొదటి ఫోటో కింద ఎనిమిది పేర్లు. ఫోటోలో తొమ్మిది మంది. ఎడమ చివర ఒకామె నిలబడి ఉంది. కాళ్ల దగ్గర సీసాల తీగబుట్ట. ఎడమచేత్తో కుడి మోచేతిని పట్టుకుంది. రెండో ఫోటోలోనూ అక్కడే, అలాగే. మూడోదానిలోనూ. ఏడు ఫోటోల్లో ఆమె ఉంది. ఏడింటిలోనూ చట్రం ఆమెను వదిలేసి, పక్కనున్నాయన భుజం దగ్గరే మొదలైంది.

నా చేతుల వంక చూసుకున్నాను. నా కుడి మోచేయి నా ఎడమచేతిలో ఉంది. చిన్నప్పుడు ఇలా నిలబడితే నాయనమ్మ ఉలిక్కిపడేది. "అలా నిలబడకే తల్లీ, మీ అత్తే వచ్చిందనుకున్నా!" అనేది.

నేను పుట్టకముందే మా మేనత్త పోయింది. ఆ కేంద్రం తరఫున నీళ్ల నమూనా తేవడానికి పడవ మీద రిజర్వాయరులోకి వెళ్లి తిరిగి రాలేదు. ఇంట్లో ఆమె ఫోటో ఒక్కటీ లేదు. "ఒక్కటైనా లేదట్రా?" అని నాయనమ్మ చివరిదాకా అడుగుతూనే ఉంది. లేదమ్మా అని నాన్న చెబుతూనే ఉన్నాడు. నాన్న ఆ కేంద్రంలోనే పుస్తకాల పేజీలు కట్టేవాడు.

"ఏంటే, దయ్యాన్ని చూసినట్టు కొయ్యబారిపోయావ్?" అంది పక్క సీటు అక్క.

"ఏం లేదక్కా," అని ఎనిమిదో ఫోటో తెరిచాను.

ఆమె లేదు. కానీ ఎడమ చివర ఒక మనిషి పట్టేంత చోటు వదిలి మిగతావాళ్లు నిలబడ్డారు. ఆ చోట నేల మీద తీగబుట్ట ఉంది, సీసాలతో సహా. తొమ్మిది, పది, పదకొండు కూడా అలాగే. నాలుగేళ్లు.

మా సూపర్‌వైజరుకు మేం పెట్టిన పేరు 'అంతే సార్'. "పేజీలో కనిపించిన మేరకే కత్తిరించమ్మా," అన్నాడు. "రేపు వాళ్లకు పంపగానే మన దగ్గరి ఫైళ్లు తుడిచెయ్యాలి. ఒప్పందం. అంతే."

కత్తిరించి పంపితే మా అత్త ఇక ఎక్కడా ఉండదు. లాప్‌టాప్ ఇంటికి తెచ్చుకున్నాను.

నాన్నకు ఇప్పుడు చూపు మధ్యలో మచ్చ. ఎదురుగా ఉన్నది కనిపించదు. ఏదైనా చూడాలంటే తల తిప్పి ఓరగా చూస్తాడు. నేను వెళ్లేసరికి వెల్లుల్లి ఒలుస్తున్నాడు.

"నాన్నా, పాతికేళ్ల సంచిక నువ్వేనా కట్టింది?"

"ఆఁ. ఏం?"

"అత్త ఉంది అందులో."

"లేదు. తీసేశాను," అన్నాడు వెంటనే. ఆ తర్వాత ఆయన చేయి ఆగిపోయింది.

ఆయనే చెప్పాడు. "పని మీద వెళ్లి చనిపోయిందంటే కేంద్రం మెడకు చుట్టుకుంటుందని, అసలు మా మనిషే కాదన్నారు. ఫోటోల్లో లేకుండా చెయ్యమన్నారు. నీ చెల్లెలేగా, ఎక్కడెక్కడుందో నీకే బాగా తెలుస్తుందన్నారు. అప్పుడు నువ్వు మీ అమ్మ కడుపులో ఉన్నావు. ఆ ఉద్యోగం లేకపోతే... అసలు ఫోటోలన్నీ వాళ్లే తీసుకెళ్లి కాల్చేశారు."

"నువ్వు తియ్యలేదు నాన్నా. చట్రం జరిపావు. అత్త లోపలే ఉంది. ఇప్పుడు మా సార్ నన్ను కత్తిరించి పంపమంటున్నాడు."

లాప్‌టాప్ తిప్పి పెట్టాను. గోడ వంక చూస్తున్నట్టు తల తిప్పి, ఓరగా చాలాసేపు చూశాడు.

"జడ ముందుకేసుకుంది చూడు," అన్నాడు. "ఫోటో అంటే చాలు. పెళ్లిచూపులకు కూర్చున్నావా అని ఏడిపించినా వినేది కాదు, మొండిఘటం." అంతలోనే గొంతు మార్చాడు. "సార్ చెప్పినట్టు కత్తిరించి పంపెయ్. నీ ఉద్యోగం మీదికి తెచ్చుకోకు."

ఎనిమిదో ఫోటో తెరిచాను. "చూశావా, వాళ్లు చోటు వదిలారు."

"చూశాను. అప్పుడే చూశాను. ఖాళీ కనిపిస్తే ఎవరిదని అడుగుతారు కదా." నాన్న వెల్లుల్లి పొట్టును అరచేత్తో కుప్ప చేశాడు. "వాళ్లు వదిలిన చోటు కూడా నేనే మూసేశానే."

కుప్ప చేసిన పొట్టును మళ్లీ చెదరగొట్టాడు. "రాసుకో," అన్నాడు. "ఫోటోల వెనక పెన్సిలుతో పేర్లుండేవి."

ఒక్కచోట కూడా తడుముకోకుండా చెప్పాడు. ఏడు ఫోటోలకు చెల్లెలి పేరుతోనే మొదలుపెట్టాడు. ఎనిమిదోదానికి, "ఎడమ నుంచి రెండో మనిషి, కెమిస్టు," అన్నాడు.

"మొదటి మనిషి?"

"వెనక అలాగే ఉండేది. నాలుగింటికీ రెండు నుంచే మొదలు."

అలాగే రాశాను. పొద్దున సూపర్‌వైజరు నా సీటు దగ్గర నిలబడి ఎనిమిదోది తెరిచాడు.

"కత్తిరించలేదేం? ఎనిమిది మందికి తొమ్మిదిదాకా లెక్కేంటి?"

"ఒకసారి కత్తిరించింది మా నాన్నే సార్. మొదటి ఏడు ఫోటోల్లో ఈ చోట నిలబడ్డామె మా మేనత్త. ఇంకెక్కడా ఆమె ఫోటో లేదు. మళ్లీ నేను కత్తిరించలేను."

ఆయన తెర మీద వేలు పెట్టాడు. వేలు కెమిస్టు దగ్గర ఆగి, వెనక్కి జరిగి బుట్ట మీదికి వచ్చింది. పెదాలు కదిలాయి. తొమ్మిదిదాకా లెక్కపెట్టి వేలు తీసేశాడు.

"వాళ్లు అడిగితే?"

"నేను చెప్పుకుంటాను సార్. సరిచూసినవారు అన్నచోట నా పేరు పెట్టండి."

నా పేరు తనే టైపు చేసి పంపాడు.

మధ్యాహ్నానికి పదకొండూ కేంద్రం వెబ్‌సైటులో కనిపించాయి. ఇంటికి ఫోన్ చేశాను.

"ఎనిమిదోది తెరువు," అన్నాడు నాన్న.

"తెరిచాను."

"బుట్ట ఉందా?"

"ఉంది నాన్నా."

నాన్న మెల్లగా అడిగాడు.

"మా చెల్లి ఇంకా రాలేదా?"