పడుగుకు ఇవతలి పక్క

నాకు కోపమెక్కువ, ధైర్యం తక్కువ. ఈ రెండూ ఒకే మనిషిలో ఎట్లా కాపురం చేస్తాయని అడిగితే, నన్ను చూసి తెలుసుకోవాల్సిందే. బడిలో తరగతినిండా ఉన్న ఆడపిల్లలను ఒక్క చూపుతో కూర్చోబెడతాను. అదే నలుగురు మగవాళ్లు ఉన్న గదిలోకి పోయి నమస్కారం పెట్టాలంటే నాలుక పిడచకట్టుకుపోతుంది. అట్లాంటి ఉరుకుందమ్మ టీచరు, కర్నూలు రాజధాని అయి ఊరంతా డేరాలూ జీపులూ సర్కారు గుమాస్తాలతో కిటకిటలాడుతున్న ఆ రోజుల్లో, ఫోటోల క్లబ్బులో చేరడానికి పోయింది.

దీనికంతా కారణం దావీదురాజుగారు. కాలేజీలో సైన్సు చెబుతారు, క్లబ్బుకు సెక్రెటరీ. మా బడి వార్షికోత్సవానికి ఫోటో తీయడానికి వచ్చి, "చూస్తావామ్మా?" అని కెమెరా వెనకాల కప్పిన నల్లగుడ్డ కిందికి నన్ను పిలిచారు. లోపల గాజు పలక మీద మా పిల్లలు తలకిందులుగా, రంగురంగుల రిబ్బన్లతో కదులుతూ కనబడ్డారు. అంత అందంగా వాళ్లను నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు నుంచి నాకు అదే ధ్యాస. ఫోటోలో కుదురుగా కూర్చోవడం ఎవరైనా చేస్తారు, నేను ఆ గుడ్డ వెనకాల నిలబడాలి అనిపించింది.

మా ఆయన పోయాక ట్రైనింగు చేసి ఉద్యోగం చూసుకున్నదాన్ని. "పాపం, ఒంటరిది, పొద్దుపోవడానికి ఏదో ఒకటి కావాలి కదా" అని ఎవరైనా అంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. పొద్దుపోక కాదు, కావాలని పోయాను.

బురుజు దగ్గర ఒక మేడమీద గదిలో ఆదివారం సాయంత్రాలు క్లబ్బు వాళ్లు కలుస్తారు. మొదటి రోజు మెట్లెక్కి, తలుపు దాకా పోయి, దిగి వచ్చేశాను. మళ్లీ ఎక్కాను. లోపల అందరూ మగవాళ్లే. తలుపు పక్కన ఒక బల్ల ఉంటే దాని కొసన కూర్చున్నాను.

"ఏమమ్మా, కెమెరా ఎప్పుడన్నా పట్టుకున్నావా?" అని అడిగారు ప్లీడరు ఓబుళరెడ్డిగారు. కోయిలకుంట్ల వైపు పెద్ద రైతుల కుటుంబం వాళ్లది. చేతిలో జర్మనీ కెమెరా. ఆ గదిలో ఆయన మాటకు ఎదురు లేదు.

పట్టుకుని ఉంటే మీ దగ్గరికి ఎందుకు వస్తానండీ అని నాలుక చివరి దాకా వచ్చింది. మింగేసి, తల అడ్డంగా ఊపాను.

క్లబ్బు పద్ధతి దావీదురాజుగారు చెప్పారు. కొత్తవాళ్లకు ఉగాది దాకా పరీక్ష. అంతవరకు క్లబ్బు వాళ్ల డబ్బా కెమెరా చేతికిస్తారు. ఉగాదికి ముందు సభలో, తీసినవాటిలో ఒక్క ఫోటో గోడకు తగిలించాలి. అది చూసి సభ్యులందరూ చేతులెత్తాలి. ఒక్క చెయ్యి లేవకపోయినా కెమెరా తిరిగి ఇచ్చేసి మెట్లు దిగిపోవాల్సిందే. నా జీతంతో సొంత కెమెరా కొనడం జరిగే పని కాదు. ఆ ఒక్క చెయ్యి లేవకపోతే నా ముచ్చట అంతటితో సరి.

ఆ ఒక్క చెయ్యి ఎవరిదో నాకు మొదటి రోజే తెలిసిపోయింది.

"ఒక్కటే సూత్రం, మనసులో పెట్టుకో" అన్నారు ఓబుళరెడ్డిగారు. "సూర్యుడు ఎప్పుడూ మన వీపు వెనకాల ఉండల్ల. సూర్యునికి ఎదురుగా నిలబడి తీసినావంటే, ఇంక ఏం తీసినా బూడిదే."

వేదవాక్కులాగా పాటించాను. మొదటి రీలు కడిగి చూస్తే తుంగభద్ర ఇసుకలో నా నీడ, బురుజు గోడ మీద నా నీడ, పక్కింటి గేదె మీద కూడా నా నీడే. కొంగు గాలికి లేచింది కూడా స్పష్టంగా కనబడుతోంది.

"టీచరమ్మా, ఎవురిని తీసినా నిన్ను నువ్వే తీసుకుంటాండావే" అన్నారు ప్లీడరుగారు.

గదంతా నవ్వింది. నేను నవ్వలేదు. ఇంటికి పోయి జొన్నపిండి మీద ఆ కోపమంతా తీర్చుకున్నాను. ఆ పూట రొట్టెలు మాత్రం బ్రహ్మాండంగా వచ్చాయి.

ఇంకొకరైతే మానేసేవాళ్లు. నేను మొండిదాన్ని. ప్రతి ఆదివారం పోయి అదే బల్ల కొసన కూర్చుని, వాళ్లు మాట్లాడేదంతా వినేదాన్ని. నీడ పడకుండా నేర్చుకున్నాను, చెయ్యి వణకకుండా ఊపిరి బిగపట్టడం నేర్చుకున్నాను. అయినా నా ఫోటోలు అందరూ తీసేవాటి లాగానే ఉండేవి. దావీదురాజుగారు "బాగుండాది" అనేవారు. ఆ మాటలో ఉప్పూ కారం లేదని నాకు తెలుస్తూనే ఉంది. సభ దగ్గర పడింది. రీలులో ఒక్క బొమ్మకే చోటు మిగిలింది. ఆ వారం మా ఊరికి పోయే పని పడితే, కెమెరాను కూడా సంచిలో పెట్టుకుని ఎమ్మిగనూరు బస్సెక్కాను.

మాది మగ్గాల ఇల్లు. చీరకు పొడుగునా పోయే దారాలను పడుగంటారు. మగ్గమెక్కే ముందు ఆ పడుగును వీధి పొడుగునా, కర్రల మీద నడుమెత్తున సాగదీసి కడతారు. గంజి పట్టించి పెద్ద కుంచెలతో దువ్వుతారు. ఎండ ముదిరితే గంజి బిగుసుకుని పోగులు పుటుక్కున తెగుతాయి. అందుకే పొద్దు పొడిచేసరికి మొదలుపెట్టి, ఎండ చురుక్కుమనే లోపల ముగించాలి. కుంచె కదిలాక మధ్యలో ఆపకూడదు, ఆగినచోట గంజి చారకట్టుకుంటుంది. అన్నింటికంటే ముఖ్యం, సాగిన పడుగును ఎవ్వరూ దాటకూడదు, దాని కింద దూరకూడదు. వంగి దూరేటప్పుడు తల తగిలి పోగులు చిక్కుపడతాయని పెద్దవాళ్లు పెట్టిన కట్టడి కాబోలు. మాకు మాత్రం అది దేవుడి మాట. చిన్నప్పుడు ఆడుకునే బంతి అవతలికి దొర్లిపోతే, పడుగు ఎత్తేదాకా దాని మీద ఆశ వదులుకునేవాళ్లం.

ఆ పొద్దున మా నాయన సుంకన్న, తమ్ముడు గిడ్డయ్య కుంచెలు పట్టుకుని పడుగు పొడుగునా వెనక్కి వెనక్కి నడుస్తూ దువ్వుతున్నారు. నేను గడపలో నిలబడి చూశాను. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. ఆ రోజు మాత్రం కొత్తగా కనబడింది. ఇదే నా ఫోటో అనుకున్నాను.

కెమెరా తీసుకుని వీధిలోకి దిగాక గానీ నా తిప్పలు నాకు తెలియలేదు. మా ఇల్లు తూర్పు ముఖం. వీధి నడుమ పడుగు. పడుగుకు అవతల పొద్దు, సరిగ్గా నా మొహం మీద. ప్లీడరుగారి సూత్రం ప్రకారం తీయాలంటే నేను అవతలి పక్కకు పోవాలి. ఇరుగుపొరుగు పడుగులు కూడా వరసగా వీధి చివరిదాకా సాగి ఉన్నాయి. వెనక సందుల్లో చుట్టి వచ్చేలోపల పని ముగిసిపోతుంది. వంగి దూరితే ఒక్క క్షణం పని.

ఉన్నది ఒక్క బొమ్మ. సభ వచ్చే ఆదివారం. ఓబుళరెడ్డిగారి చెయ్యి నా కళ్లముందు మెదిలింది. కొంగు నడుముకు బిగించి, పడుగు దగ్గరికి పోయి, తల వంచాను కూడా.

"అక్కా" అన్నాడు గిడ్డయ్య. అంతే అన్నాడు. కుంచె మాత్రం ఆపలేదు. మా నాయన తలెత్తి నన్ను చూశాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది. వెనక్కి వచ్చేశాను. క్లబ్బు పోతే పోయింది, చేతులు లేవకపోతే పోనీ, ఈ పక్క నుంచే తీస్తాననుకున్నాను. అనుకున్నానే గానీ ఏడుపొచ్చింది.

కెమెరాను పొట్టకానించి, తల వంచి, దాని అద్దంలోకి చూశాను. ఎండ తప్ప ఏమీ కనబడలేదు. అంతలో మా అమ్మ చేట పట్టుకుని వచ్చింది.

"ఏమ్మే, పొద్దన్నే ఎండలో నిలబడితే తలనొప్పి రాదూ?" అంటూ చేటను నా మొహానికి అడ్డం పెట్టింది.

"మా, పక్కకు జరుగు, నీకు పుణ్యముంటాది" అని విసుక్కున్నాను. అప్పుడు చూశాను. చేట నీడ నా మొహం మీదా, కెమెరా కంటి మీదా పడింది. అద్దంలో బొమ్మ తేటగా తేలింది. పడుగులో ఒక్కొక్క పోగూ విడివిడిగా వెలుగుతోంది. కుంచెల నుంచి లేచిన గంజి తుంపర మెరుస్తూ కిందికి దిగుతోంది. మా నాయనా, తమ్ముడూ నల్లని బొమ్మల్లాగా, ఆ వెలుగును చేతులతో దువ్వుతున్నట్టున్నారు. సూర్యుడు వీపు వెనకాల ఉంటే ఇదంతా కనబడేదే కాదు.

"మా, జరగొద్దు. అట్లే పట్టుకో" అన్నాను.

"నీ మాటకు ఒక నిలకడ లేదు కదే" అంది అమ్మ. ఊపిరి బిగపట్టి మీట నొక్కాను.

కర్నూలుకు వచ్చాక, దావీదురాజుగారు క్లబ్బు చీకటిగదిలో ఎర్రదీపం కింద ఆ కాగితాన్ని మందునీళ్లలో వేసి నెమ్మదిగా కదిలించారు. తెల్లని కాగితం మీద మొదట మా నాయన భుజం వచ్చింది, తర్వాత పోగులు వచ్చాయి. ఆయన దాన్ని ఎత్తి దీపానికి దగ్గరగా పట్టుకుని చూశారు.

"చెడిపోయిందా సార్?" అన్నాను.

"చెడిపోలేదమ్మా. నేనిన్నేండ్లుగా తీస్తాండా, నాకు ఇట్లాంటిది ఒక్కటీ రాలేదు" అన్నారు. కాగితాన్ని మళ్లీ నీళ్లలో వదిలి, "కానీ సూర్యునికి ఎదురుగా తీసినావు. ఓబుళరెడ్డి ఒప్పుకుంటాడో లేదో" అన్నారు.

సభ రోజు గది నిండింది. నా ఫోటో గోడకు తగిలించారు. సభ్యులైన సర్కారు గుమాస్తాలు లేచి దగ్గరికి పోయి చూశారు. నేను బల్ల కొసన చేతులు ముడుచుకుని కూర్చున్నాను.

ఓబుళరెడ్డిగారు లేచారు. సంచిలోంచి అట్టకు అంటించిన ఒక పెద్ద ఫోటో తీసి, నాదాని పక్కన పెట్టారు.

"ఇది కూడా ఎమ్మిగనూరే, పడుగే. నేను తీసింది. చూడండి, సూర్యుడు నా వీపు వెనకాల. మొగాలు, మీసాలు, అన్నీ కనబడతాండాయి. సాలోళ్ల గాంభీర్యం అని దీనికి పేరు పెట్టినా. టీచరమ్మ దాంట్లో మొగాలే లేవు. నాలుగడుగులేసి అవతలి పక్కకు పోయింటే సరిపోయేది. ఆ మాత్రం కష్టపడకుంటే ఎట్లమ్మా?"

ఆయన ఫోటో చూశాను. కుంచె పడుగు మధ్యలో ఆగిపోయి ఉంది. దాన్ని పట్టుకున్నవాళ్లు కళ్లెర్రజేసి కెమెరా వైపే చూస్తున్నారు. వెనకాల ఒక ముసలాయన చెయ్యెత్తి నోరు తెరిచి ఉన్నాడు. వాళ్లు మా వీధివాళ్లు కారు, కానీ ఆ చూపు నాకు తెలుసు. నాకు ఒళ్లు మండింది. నోరు మూసుకుంటే ఆయన చెయ్యి లేస్తుందేమోనని ఒకపక్క ఆశ కూడా ఉంది. కానీ ఆ ఫోటోకు ఆయన పెట్టిన పేరు విన్నాక ఊరుకోలేకపోయాను.

"రెడ్డిగారూ, మీరు అవతలి పక్కకు ఎట్ల పోయినారు?" అన్నాను. ఆ గదిలో నా గొంతు అంత గట్టిగా రావడం అదే మొదటిసారి.

"ఎట్ల పోతారు? వంగి దూరి పోయినా."

"పడుగు కింద దూరినారు. అందుకే కుంచె నిలిచిపోయింది. కుంచె మధ్యలో నిలిస్తే ఆ పడుగు పాడైనట్లే. ఇది గాంభీర్యం కాదు సార్. వాళ్లు మిమ్మల్ని తిడతాండారు. ఆ ముసలాయనను చూడండి, మాట కూడా వినబడతాండాది నాకు. సాగిన పడుగు కింద ఎవురూ దూరరు. నేనూ దూరబోయినా, తల వంచినా. మీ క్లబ్బు కోసమని. సిగ్గేసి వెనక్కి వచ్చినా. ఈడ నిలబడితే ఏం కనబడిందో అదే తీసినా. మీరు చెయ్యెత్తకపోతే కెమెరా ఇచ్చి పోతా, కానీ ఈ పక్కన నిలబడినందుకు మాత్రం తప్పొప్పుకోను."

అయిపోయింది, నా నోరే నా కొంప ముంచింది అనుకున్నాను.

ఓబుళరెడ్డిగారు కళ్లజోడు సర్దుకుని తన ఫోటో దగ్గరికి వంగారు. ముసలాయన మొహాన్ని చూశారు. ఆగిన కుంచెను చూశారు. తర్వాత నా ఫోటో ముందుకు జరిగి, ఒక్కొక్క పోగునూ వేలితో తాకకుండా పైపైన లెక్కబెడుతున్నట్టు నిలబడ్డారు.

"ఆ ముసలాయన ఏమో అరిచినాడులే" అన్నారు చివరికి. "ఇంకా దగ్గరికి వచ్చి తీసుకోమంటాండాడేమో అనుకున్యా." ఆయన పొట్ట కదిలింది. నవ్వుతున్నారని అర్థమయ్యేసరికి గదంతా నవ్వుతోంది. ఈసారి నేనూ నవ్వాను.

"ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి" అన్నారు దావీదురాజుగారు.

గుమాస్తాల చేతులు లేచాయి. దావీదురాజుగారి చెయ్యి లేచింది. ఓబుళరెడ్డిగారు తన అట్టను తిరగేసి గోడకానించి, ఆ చెయ్యే పైకెత్తారు. "ఈ దుడుకు నోరు బయట ఉండేదానికన్నా లోపల ఉండేదే మనకు మంచిదప్పా" అన్నారు.

నన్ను చేర్చుకున్నట్టు దావీదురాజుగారు క్లబ్బు పుస్తకంలో రాసి, పైకి చదివారు. ఎవరో నా కోసం ముందు వరసలో కుర్చీ జరిపారు. ఎన్నాళ్లుగానో కూర్చున్న బల్ల కొస వదిలి, పోయి అందులో కూర్చున్నాను.

"ఇంకొక సంగతి" అన్నారు దావీదురాజుగారు. "ఈ ఫోటోను మన గోడ మీద ఎప్పటికీ ఉంచేదానికి ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి."

అందరికంటే ముందు నాదే లేచింది.

"ఏమమ్మా, నీ ఫోటోకు నువ్వే ఎత్తుకుంటాండావా?" అన్నారు ఓబుళరెడ్డిగారు.

"నేనూ మెంబర్నే కదా సార్" అన్నాను, చెయ్యి దించకుండానే.