గౌరమ్మ తీసెయ్యమన్న చప్పుడు

నేను ఒక కాలర్ మైకును. చూడటానికి శనగగింజంత ఉంటాను గానీ గొప్పలకేం తక్కువ లేదు. మనిషి నోటికి జానెడు దూరంలో, గుండెకు మరీ దగ్గరగా ఉండే ఉద్యోగం నాది. నోరు ఒకటి చెబుతుంటే గుండె ఇంకొకటి చెప్పడం నేను రోజూ వినేదే.

ఏదో దేశంలో ఫ్యాక్టరీలో పుట్టి, ఒక టీవీ చానల్ కొలువులో చేరాను. నాయకుల చొక్కాలు, స్వాముల కండువాలు అన్నీ ఎక్కాను. ప్రజల కోసం ప్రాణమిస్తానన్న పెద్దమనిషి ఒకాయన, విరామంలో ఏసీ చాల్లేదని అందరి ప్రాణాలూ తోడేశాడు. చానల్ మూతపడ్డాక సౌండ్ రికార్డిస్టు మస్తాన్ నన్ను సెకండ్‌హ్యాండ్‌లో కొనుక్కున్నాడు.

అతనితో విశాఖపట్నం బర్మా క్యాంపుకు వెళ్ళాను. సైనిక పాలన నుంచి తప్పించుకుని రంగూన్ నుంచి ఓడల్లో వచ్చిన తెలుగువాళ్ళ మీద హిమజ అనే అమ్మాయి డాక్యుమెంటరీ తీస్తోంది. నన్ను గౌరమ్మ చీర చెంగుకు తగిలించారు. ఆమె చిన్నపిల్లప్పుడు అమ్మానాన్నలతో వచ్చేసింది. అక్క మాత్రం అక్కడి అబ్బాయిని పెళ్ళాడి ఉండిపోయింది. ఇప్పుడు అక్కడ మళ్ళీ సైన్యానిదే రాజ్యం. అక్క మనవడు ఎదురుతిరిగి జైల్లో పడ్డాడు. ఆ ఇంటి మీద నిఘా ఉంది. అందుకే గౌరమ్మ ముఖం చీకట్లో ఉంచుతామనీ, గొంతు మార్చేస్తామనీ హిమజ మాటిచ్చింది.

రేవులో సిపాయిలు తల్లి చెవులకున్న కమ్మలు కూడా లాక్కున్న సంగతి గౌరమ్మ తడబడకుండా చెప్పింది. అక్క ఊసు మాత్రం ఎత్తలేదు.

మా పనిలో ఒక ఆచారం ఉంది. మాటలన్నీ అయ్యాక అందరూ కదలకుండా కూర్చుంటే, ఆ గది నిశ్శబ్దాన్ని కాసేపు రికార్డు చేస్తారు. తర్వాత మాటల మధ్య అతుకులు తెలియకుండా వేయడానికి అది కావాలి. మస్తాన్ సైగ చేశాడు. గది సద్దుమణిగింది. అప్పుడు గౌరమ్మ వేళ్ళు నా మీద పడ్డాయి. రెండుసార్లు మెల్లగా, ఒకసారి కాస్త గట్టిగా. మళ్ళీ అలాగే.

"మైకు ముట్టుకోకూడదమ్మా," అని మస్తాన్ రికార్డింగు మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అదే చప్పుడు. అతను విసుగ్గా ఇయర్‌ఫోన్లు తీసేశాడు.

"తెలిసే కొట్టినాను బాబూ," అంది గౌరమ్మ. "సిపాయిలు ఇల్లు సోదా సేత్తంటే మా అక్క నన్నొట్టుకుని మంచం కింద దాక్కుంది. నేనేడిత్తే అందరం సచ్చిపోతాం. నోరిప్పకండా నా గుండె మీద ఇలాగే జోకొట్టింది. నా మొకం సూపించరు, గొంతు మార్చేత్తారు. మరి ఇది నేనేనని అక్కకెలా తెలుస్తాది?"

ఆ మాటన్నప్పుడు ఆమె గుండె ఎంత జోరుగా కొట్టుకుందో నాకొక్కదానికే తెలుసు. మస్తాన్ ఇయర్‌ఫోన్లు మళ్ళీ పెట్టుకున్నాడు.

హిమజ ఆ చప్పుడును సినిమా చివర నల్లటి తెర మీద పెట్టింది. విడుదలకు ముందు గౌరమ్మకు చూపించడానికి వెళ్ళారు. నేను మస్తాన్ చొక్కా జేబులో ఉన్నాను. చివరి దాకా విని, ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"బాగుంది తల్లీ. ఆ జోకొట్టేది తీసెయ్యి."

"అదేంటమ్మా! మీ అక్కగారు వినాలనే కదా?"

"ఇంటాది. ఇన్నాక ఊరుకోదు, గొల్లుమంటాది. ఎందుకేడిసినావని అడిగేవోళ్ళున్నారక్కడ."

నాకు పట్టలేనంత కోపం వచ్చింది. సముద్రం దాటి ఇన్నేళ్ళయినా, తన ఇంట్లో తను కూర్చున్న మనిషికి ఆ సిపాయిల భయం తప్పలేదు.

గౌరమ్మ మస్తాన్ వైపు తిరిగింది. "తీసేసింది ఎక్కడికి పోద్ది నాయనా?"

"ఎక్కడికీ పోదమ్మా. నా దగ్గరే ఉంటుంది."

"ఉంచు. ఆ సిపాయిలు పోయిన్రోజున ఇనిపిద్దువు గాని."

సినిమాకు చాలా ఊళ్ళలో చప్పట్లు పడ్డాయట. నా స్థానంలోకి వైర్లు లేని కుర్ర మైకులు వచ్చాయి. నేనిప్పుడు మస్తాన్ బల్ల సొరుగులో ఉంటున్నాను. కంప్యూటరు మార్చినప్పుడల్లా అతను ముందుగా ఆ జోకొట్టిన ముక్కనే కొత్తదానిలోకి ఎక్కిస్తాడు. సరిగ్గా ఎక్కిందో లేదోనని ఒక్కసారి వింటాడు. ఇంతవరకూ ఇంకెవరికీ వినిపించలేదు.