ఎవరి దగ్గర నేర్చుకున్నావు?

రేడియోలో నబ్బోసా గొంతు వినబడేసరికి నన్సికోంబి కూరకి మటోకే అరటికాయలు చెక్కుతోంది. "అరటి బోదెలు నరికి మడి కింద పూడ్చితే ఎండాకాలం కూడా తడి ఆరదు. ఇది నా బుర్రలో పుట్టిన ఉపాయమే," అని ఆ గొంతు వగలు పోయింది. నన్సికోంబి చేతిలో కత్తి ఆగిపోయింది. ఆ ఉపాయం ఆమె తల్లిది. పోయే ముందు ఏడాది, నడుం లేవకపోయినా పీట వేసుకుని మడి పక్కన కూర్చుని మరీ కూతురికి నేర్పింది. కంచె పక్కింటి మనిషి కదా అని దాన్ని నబ్బోసాకి చూపించింది నన్సికోంబే. ఆ మంచితనానికి తన్ను తానే తిట్టుకోని రోజు లేదు.

అంతకంటే ఘోరం శనివారాల్లో జరిగేది. వకీసో కొండవాలు మీద పదముగ్గురు ఆడవాళ్లు వంతులవారీగా ఒకరి పెరట్లో కలుస్తారు. మందులు కొట్టకుండా ఆకుకూరలు పెంచే విద్య ఒకరికొకరు చెప్పుకుంటారు. అక్కడ నియమం ఒక్కటే. ఏది నేర్పినా ముందు "ఫలానా ఆమె దగ్గర నేర్చుకున్నాను" అని పేరు చెప్పాకే మొదలుపెట్టాలి. నబ్బోసాకి ఆ పేరు చెప్పడానికే నోరు రాదు. బోదెలు నావే అంది. పురుగుకి మిరపకారం కలిపిన బూడిదా నాదే అంది. అందరూ చప్పట్లు కొట్టి ఆవిణ్ణి పెద్దను చేసి కూర్చోబెట్టారు. నన్సికోంబి ఒకసారి అడ్డం తిరిగితే, రేడియోకెక్కిన మనిషిని చూసి కుళ్లుకుంటోందన్నారు. అప్పట్నుంచి ఆమెకి ఒకటే కోరిక. నబ్బోసా నోటితోనే, అందరి ముందూ తన పేరూ తల్లి పేరూ పలికించాలి.

ఆ ఏడు వానలు వెనకబడ్డాయి. నల్ల పెంకుపురుగులు దిగి కొండంతా నకాటి ఆకుకూరని జల్లెడ చేసేశాయి. నన్సికోంబి మడి మాత్రం నిగనిగలాడుతోంది. సిగ్గూ ఎగ్గూ లేని నబ్బోసా కంచె మీంచి తల పెట్టింది.

"అక్కా, నీ నకాటికి ఒక్క చిల్లు కూడా లేదేం? ఏం చల్లుతున్నావేంటి?"

"కుందేలు ఉచ్చ," అంది నన్సికోంబి. ఆ కొండ మీద కుందేళ్లు పెంచేది ఆమె ఒక్కతే.

"ఛీ! ఊరికే చల్లేయడమేనా?"

అసలు సంగతి ఇది. పదిహేను రోజులు మూత పెట్టి మురగబెట్టాలి. మగ్గు ఉచ్చకి ఐదు మగ్గుల నీళ్లు పోయాలి. పొద్దు వాలాకే చల్లాలి. ఇదంతా నాలుక చివరిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే నబ్బోసా, "ఈ శనివారం మా ఇంట్లోనే కదా, అందరికీ ఏదో ఒకటి చూపించాలిగా," అని పళ్లికిలించింది.

నన్సికోంబి మాట మార్చేసింది. "ఎంత తాజాదైతే అంత మంచిది. నీళ్లు సగానికి సగం. మిట్టమధ్యాహ్నం చల్లాలి, ఎండకి ఘాటెక్కి పురుగు మాడి చస్తుంది," అంది. పైగా ఆ వారమంతా కుందేళ్ల కింద పట్టినదాన్ని పట్టినట్టే ఒక పెద్ద డబ్బా నింపి ఇచ్చింది. "చాలకపోతే అడుగు చెల్లీ, మొహమాటపడకు," అని తేనె పూసినట్టు మాట్లాడింది.

శనివారం ముసలి నాలుమాన్సి, అందరూ జజ్జా అని పిలిచే పెద్దావిడ, ఎప్పటిలాగే అడిగింది. "ఎవరి దగ్గర నేర్చుకున్నావమ్మా?"

"నా బుర్రే నాకు గురువు జజ్జా," అంది నబ్బోసా, తలగుడ్డ సర్దుకున్నంత తేలిగ్గా. నడినెత్తిన ఎండ ఉండగానే చల్లి చూపించింది. మిగిలింది తలో సీసా పోసిచ్చింది. వెనక వరసలో నన్సికోంబి వేరుశనగ పులుసు జుర్రుకుంటూ లోలోపల పండగ చేసుకుంది. మురిసిపోవే, బాగా మురిసిపో, వచ్చే వారం నీ సంగతి వీళ్లే చూస్తారు, అనుకుంది.

జజ్జా సీసాని గుడ్డలో చుట్టుకుంటుంటే మాత్రం పులుసు గిన్నె కింద పెట్టేసింది. ఈ చుట్టుపక్కల పాతకాలపు నకాటి విత్తనం నిలబెట్టింది ఆవిడే. ఈసారి విత్తనం కోసం వదిలిన మడి ఒక్కటే. ఒక్క మాట చెవిలో వేస్తే సరిపోయేది. కానీ వేస్తే బండారం బయటపడుతుంది. రేపు చెబుదాంలే అనుకుంది. ఆదివారం ప్రార్థన కాగానే పరిగెత్తింది. జజ్జా అప్పటికే చేతులు కడుక్కుంటోంది. "ఇప్పుడే చల్లానమ్మాయ్, నువ్వూ చల్లావా?" అని నవ్వింది.

బుధవారానికి ఎవరి పెరడు చూసినా కాల్చిన కాగితమే. పన్నెండుమందీ నబ్బోసా వాకిట్లో చేరారు. నన్సికోంబి వాళ్లందరికంటే ముందే వెళ్లి నిలబడింది.

"నాదేం తప్పు లేదు! నన్సికోంబే చెప్పింది!" అని అరిచింది నబ్బోసా.

"మొన్న నీ బుర్రలో పుట్టిందన్నావు కదే? బోదెలూ నీవే, బూడిదా నీదే, మాడిపోయింది మాత్రం పక్కింటామెదా?" అని ఒకావిడ మీదికి పోయింది.

నబ్బోసా భోరుమంది. "ఏదీ నాది కాదు, ఒట్టు! బోదెలు నన్సికోంబి వాళ్లమ్మవి. బూడిద నన్సికోంబిది. ఇదీ ఆవిడదే. అన్నీ ఆవిడ దగ్గర నేర్చుకున్నవే!"

రెండేళ్లు ఆ మాట కోసమే ఎదురుచూసింది. వచ్చింది. పదిమందిలో, కన్నీళ్లతో, తల్లి పేరుతో సహా వచ్చింది.

జజ్జా ఆమె వైపు తిరిగింది. "నిజమేనా అమ్మాయ్?"

అబద్ధం అంటే చాలు, నబ్బోసా పని ఖతం. కానీ అప్పుడు బోదెలు కూడా అబద్ధం అవుతాయి. వచ్చిన తల్లి పేరు వచ్చినట్టే వెనక్కి పోతుంది. నన్సికోంబి పళ్లు బిగించింది.

"నిజమే జజ్జా. అన్నీ మావే. ఇదీ నాదే. తెలిసే తప్పుగా చెప్పాను, ఈ నబ్బోసా మీద కసితో."

ఎవరూ ఒక్క తిట్టు తిట్టలేదు. తిడితే బాగుండేది.

"నా మడి చచ్చిపోయింది. విత్తనం లేదు," అంది జజ్జా నెమ్మదిగా. "నియమం నియమమే కాబట్టి, మా పెరటికి ఎవరొచ్చి మడి ఎలా మాడిందని అడిగినా, ఇది నన్సికోంబి దగ్గర నేర్చుకున్నాను అని ముందు నీ పేరే చెబుతాను."

చెప్పింది కూడా. ఆ తర్వాత ఏ శనివారమూ తప్పకుండా చెప్పింది.