పేరు గడిలో పెన్సిలిన్

కొత్తగెడ్డ ప్రభుత్వాసుపత్రికి జబ్బుతో కాకుండా ఉద్యోగానికి వచ్చిన కంప్యూటర్ని నేను. నా పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోవడానికేం లేదు. నలుగురమ్మాయిలు కబుర్లాడుకుంటూ మరలు బిగించారు, అయిదో అమ్మాయి పరీక్షించి సరేనంది, అట్టపెట్టెలో పెట్టి లారీ ఎక్కించారు. ఇక్కడికొచ్చాక మూడు నెలలు సూపరింటెండెంటు గారి గదిలో పువ్వుల గుడ్డ కప్పుకుని కూర్చున్నాను. వాడితే పాడైపోతానని వాళ్ళ భయం. దసరాకి బొట్టు పెట్టి నిమ్మకాయ కోశారు గానీ, మీట మాత్రం ఒక్కరూ నొక్కలేదు.

చివరికి రోగుల కాగితాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాలని పైనుంచి ఆర్డరొచ్చింది. నన్ను ఓపీ కౌంటర్లో పెట్టి, రికార్డుల గుమాస్తా భానోజీరావుకి అప్పగించారు. పాతికేళ్ళుగా ఆయనదొకటే పద్ధతి. రోగి విషయంలో మరిచిపోకూడనిది ఏదైనా ఉంటే, కాగితాల అట్ట మీద ఎర్ర పెన్సిలుతో రాసేస్తాడు. అది చూడకుండా ఏ డాక్టరూ అట్ట తెరవలేడు. అలాంటి సంగతులకి నాలోనూ ఒక గడి ఉంది, కాకపోతే మూడో పేజీలో అడుగున ఉంది.

“అక్కడ రాస్తే ఎవడు చూస్తాడయ్యా?” అని గొణుక్కుని, ఎవరి కళ్ళూ తప్పించుకోలేని చోటు కోసం వెతికాడు భానోజీరావు. పేరు గడి దొరికింది. ఒంటి వేలితో, కొట్టిన ప్రతి అక్షరాన్నీ పైకి చదువుకుంటూ, ‘చింతాడ పైడితల్లి, పెన్సిలిన్ పడదు’ అని ఎక్కించాడు.

పైడితల్లికి అది ప్రాణం మీది సంగతి. ఆమె జీడిపిక్కలు కొట్టుకుని బతికే మనిషి. ఇదివరకోసారి పరీక్షకని వేసిన చుక్క మందుకే ఊపిరాడక పడిపోయింది. ఆ మందు పేరు పలకడానికి ఆమెకి నోరు తిరగదు. ‘సూది పడదు’ అంటుంది, ఏ సూదో చెప్పలేదు.

భానోజీరావుకి తెలియనిదల్లా నాకు గొంతుందని. పేరు గడిలో ఏముంటే అది హాల్లో స్పీకరు మీద చదవడం నా డ్యూటీ. మర్నాడు పొద్దున్నే మొదలెట్టాను. “బోణి అప్పలసూరి, చెవుడు, గట్టిగా పిలవాలి, ఒకటో గది.” “చింతాడ పైడితల్లి, పెన్సిలిన్ పడదు, రెండో గది.” మొదటి వారం జనం పడీ పడీ నవ్వారు. కాలి పుండుకి కట్టు మార్పించుకోవడానికి పైడితల్లి వారంవారం వచ్చేది కనక, నాలుగు నెలలు వారంవారం అదే చదివాను.

చిక్కొచ్చింది గెంబలి సన్యాసప్పడితో. ఆయనకి బీపీ. “గెంబలి సన్యాసప్పడు, మాత్రలు మింగడు, గోతిలో పారేస్తాడు” అని నేను చదివేసరికి పక్కనే ఆయన పెళ్ళాం కూర్చుని ఉంది. ఆ మధ్యాహ్నం ఆయన ఏం తిన్నాడో, అసలు తిన్నాడో లేదో నాకు తెలియదు. వారం తిరక్కుండా జిల్లాకి ఫిర్యాదు పెట్టాడు. ఇంజనీరు వచ్చి, పేరు గడిలో పేరు తప్ప మిగిలినదంతా ఒక్క దెబ్బకి చెరిపేశాడు.

“అయ్యా, అవి ఊసుపోక రాసినవి కావు,” అన్నాడు భానోజీరావు.

“మూడో పేజీలో రాసుకోండి,” అని ఇంజనీరు బస్సెక్కేశాడు.

పాపం భానోజీరావు ‘అ’తో మొదలుపెట్టి పాత అట్టలన్నీ మళ్ళీ దింపుకున్నాడు. కోరాడ వాళ్ళ దగ్గరికి చేరేసరికి, చింతాడ వాళ్ళ వంతు ఇంకా రాకముందే, పైడితల్లిని ఆటోలో తీసుకొచ్చారు. కాలు మోకాలి దాకా వాచింది, ఒళ్ళు కాలిపోతోంది, ఒంటి మీద తెలివి లేదు. డాక్టర్ నజీమా ముందురోజే బదిలీ మీద వచ్చింది. పేరు కొట్టి నా వైపు చూసింది. నేను కడిగిన పలకలా శుభ్రంగా ఉన్నాను. నిజం చెప్పొద్దూ, ఆ శుభ్రం తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

“సిస్టర్, పైడితల్లికి పెన్సిలిన్, ముందు టెస్ట్ డోసు,” అంది డాక్టరు గుమ్మంలోంచి.

హాల్లో బల్ల మీంచి ఒక మనిషి లేచాడు. సన్యాసప్పడే.

“ఆగండమ్మా. ఆవిడికి పెన్సిలిను పడదు.”

“మీరెవరు? ఆవిడ బంధువులా?”

“కాదమ్మా. మీ మిషనే సెప్పింది. నాలుగు నెల్లు ఇన్నాం.”

“అవునమ్మా, పడదు,” అన్నారు బల్లల మీద కూర్చున్న ఆడవాళ్ళు. చెవిటి అప్పలసూరి కూడా అడ్డంగా తలూపాడు. హాల్లో పిలుపులు వినపడని వార్డులో పనిచేసే సిస్టరు, చేతిలో సూది పక్కన పెట్టింది. భానోజీరావు రికార్డు గదిలోకి పరిగెత్తి అట్ట తెచ్చి డాక్టరు ముందు పెట్టాడు. ఎర్ర పెన్సిలు రాత చూసి ఆవిడ అట్ట తెరిచి పాత కాగితాలు చదివింది. తరవాత వేరే మందు రాసింది. అయిదో రోజుకి పైడితల్లి మంచం మీద లేచి కూర్చుని, టీలో పంచదార తక్కువైందని సిస్టరుతో పేచీ పెట్టుకుంది.

నెల తిరక్కుండా డాక్టర్ నజీమా పట్టుబట్టి మూడో పేజీ గడిని మొదటి పేజీకి తెప్పించింది. పేరు పక్కనే, ఎర్రగా ఉంటుంది. అందులో రాసింది డాక్టరుకీ సిస్టరుకీ కనిపిస్తుంది, నేను మాత్రం చదవను. భానోజీరావు ఒంటి వేలితో గెంబలి వాళ్ళ దగ్గరికి వచ్చిన రోజున, సన్యాసప్పడు కౌంటరు దగ్గర నిలబడ్డాడు.

“బాబూ, నా మాత్రల సంగతి కూడా మళ్ళీ రాసీ.”

“ఇంకా పారేస్తున్నావా?”

“మా అన్న మాత్ర మింగిన పూటే పోయాడు బాబూ. నోట్లో ఎట్టుకుంటే ఆడే అగుపిస్తాడు. బయమేస్తాది.” కౌంటరు మీదికి వంగి అన్నాడు. “అదీ రాయి. రేపు నాను మాట్లాడనేనప్పుడు, ఏ డాక్టరమ్మ వచ్చినా తెలవాల గదా. మిషను సేత పిలిపించొద్దు మరి.”

భానోజీరావు అలాగే కొట్టాడు. ఈసారి అక్షరాలు పైకి చదువుకోలేదు. సన్యాసప్పడు చెప్పిన ఆ మాట ఎర్ర గడిలో భద్రంగా దాచాను. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, ఇదిగో, ఇప్పుడు మీకు తప్ప.