దిష్టి తగిలిన పాకం

నేను ఒక గడ్డకట్టని పాకాన్ని. బెల్లం కావలసి ఉండగా కాలేకపోయాను. చక్కెర మిల్లులో పలుకు కట్టకుండా మిగిలిపోయే నల్లటి ద్రవాన్ని మొలాసిస్ అంటారు. అది నాకు దూరపు బంధువు. దానికి ఒక పేరు, ఒక ట్యాంకు, కొనుక్కుపోవడానికి లారీలు ఉన్నాయి. నాకున్నది ఒక మట్టికుండ. అయినా నా మీద జాలి పడనవసరం లేదు. నా మూలంగా ఒక ఊరి బెల్లం బాగుపడింది. ఎందుకు బాగుపడిందో ఆ ఊరికి ఇప్పటికీ తెలియదు, అది వేరే విషయం.

అనకాపల్లికి దగ్గరలో ఆడారి గంగునాయుడు అనే రైతు పొలంలో నేను చెరకుగా పెరిగాను. నన్ను కోసిన మధ్యాహ్నం ఆయనకు హఠాత్తుగా పంచాంగం గుర్తుకు వచ్చింది. ఎదురుగా అమావాస్య ఉంది. అది వెళ్లేదాకా ఆ సంవత్సరపు తొలి పొయ్యి వెలిగించరాదన్నాడు. గానుగ పక్కన కుప్పగా పడి, రోజుల తరబడి ఎండలో ఆ శుభఘడియ కోసం ఎదురుచూశాను. చెరకుకు పంచాంగం తెలియదు. కోత పడ్డప్పటి నుంచే దానిలోని చక్కెర విడిపోవడం మొదలవుతుంది. విడిపోయిన చక్కెర తియ్యగానే ఉంటుంది గాని, ఎంత కాచినా గడ్డకట్టదు.

చివరకు ముహూర్తం వచ్చింది. రసం తీసి పెనంలో పోసి, సున్నపు తేట చల్లి, బెండ జిగురు కలిపి, పైకి తేలిన తెట్టు తీశారు. రసం పాకమై బంగారు రంగుకు తిరిగింది. చెరకు పిప్పి ఎండబెట్టి పొయ్యికి అందించే పోలమ్మ తొంగి చూసి, "అబ్బ! పాకం ఎంత బాగుందో సూడండి!" అంది.

అచ్చుల్లో పోసిన నేను సాయంత్రమైనా జారుతూనే ఉన్నాను.

"దీని సూపు తగిలీసింది," అన్నాడు గంగునాయుడు. నష్టం జరిగినప్పుడు మనుషులు కారణాన్ని వెతకరు, మనిషిని వెతుకుతారు. అది సులువు, పైగా దొరికిన మనిషిని తిట్టవచ్చు. "రేపట్నించి నా గానుగ కాడికి రాకు. ఈ పాడు పాకం కూడా నువ్వే అట్టుకుపో."

చెరకు ఆడే కొద్ది నెలల పనితోనే పోలమ్మ ఏడాదంతా గడుపుకోవాలి. దిష్టి మనిషన్న పేరు పడితే చుట్టుపక్కల ఏ గానుగ దగ్గరకూ రానివ్వరు. ఆమె నన్ను కుండలో నింపుకుంది గాని, అక్కడి నుంచి కదలలేదు.

"నా సూపుకి అంత బలముంటే, బావూ, రేపు కోసి ఆడే సెరుకుంది కదా, ఆ పెనం ముందు కూకుంటాను. అదీ పాడయితే ఊరే ఒదిలీసి పోతాను."

"ఇంకో పెనం పాడు సేసుకోడానికి నాకేటి పిచ్చా?"

ఆయన భార్య సూరమ్మ అప్పుడు నోరు విప్పింది. "సూడనీ మావా. పెళ్లయిన కాడ్నించి నీ సూపు నా మీద పడతానే ఉంది. నానేటయిపోనాను?"

పనివాళ్లంతా పకపకా నవ్వారు. అంత నవ్వు మధ్య కాదనడం గంగునాయుడికి చేతకాలేదు.

మర్నాడు ఆయన పెనం చుట్టూ నిమ్మకాయలు, మిరపకాయలు కట్టించాడు. పోలమ్మ వాటిని తెంపించింది. "ఇవుంటే నాను సూడను. తీరా బెల్లం గట్టిగా వొస్తే నిమ్మకాయల గొప్పంటారు." ప్రయోగానికి అడ్డువచ్చే అంశాన్ని ముందే తొలగించడం పద్ధతి గల పరీక్షకు మొదటి నియమం. దాన్ని ఆమెకు రోషం నేర్పింది.

ఆ తరువాత పెనం ముందు కూర్చుని, రెప్ప వాల్చకుండా చూస్తూ పాకాన్ని పొగడడం మొదలుపెట్టింది. "ఏటి రంగే నా తల్లీ! పెళ్లికూతురిలాగున్నావే! నీయంత అందగత్తె ఈ జిల్లాలోనే నేదే!" ఒక్కొక్క మాటకూ గంగునాయుడు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. గానుగ పాక మూలన కుండలో ఉన్న నాకు కొంత అసూయ కలిగిన మాట నిజం.

పాకం దించి అచ్చుల్లో పోశారు. పొద్దు వాలే వేళకు సూరమ్మ ఒక దిమ్మను బోర్లించి వేలి కణుపుతో కొట్టింది. తలుపు కొట్టినట్టు పలికింది.

ఇప్పుడైనా గంగునాయుడు తన పంచాంగాన్ని అనుమానిస్తాడని ఆశించాను. ఆయన అంతకంటె సులువైన నిర్ణయానికి వచ్చాడు. "పోలమ్మది లచ్చిమి సూపు!" కొద్ది రోజుల్లోనే చుట్టుపక్కల గానుగల వాళ్లంతా ఆమె గుమ్మంలో నిలబడ్డారు, తమ పెనం మీద ఒక్కసారి చూపు వేసి పొమ్మని.

"నా సూపులో ఏటీ నేదు. సెరుకు తాజాగా ఆడండి, అంతే," అని ఆమె నిజమే చెప్పింది. ఎవరూ నమ్మలేదు, మహిమ గలవాళ్లు అలాగే అంటారట. చెప్పి చెప్పి ఆమెకు విసుగు పుట్టింది. "సరే, వొస్తాను. ఆ పొద్దు కోసిన సెరుకయితేనే సూస్తాను. వాడిపోయిన సెరుకు మీద నా సూపు నిలవదు."

ఇప్పుడు ఆ చుట్టుపక్కల ఎవరూ కోసిన చెరకును ఎండకు వదలరు. ఏ గానుగకు వెళ్లినా పోలమ్మకు పని ఉంది, కూర్చోవడానికి పీట కూడా వేస్తున్నారు.

నాకు మాత్రం ఇందులో తాత్త్వికమైన అభ్యంతరం ఒకటి ఉంది. తప్పు కారణంతో ఒప్పు పని చేసే ఊరు, ఏదో ఒకనాడు అదే కారణంతో తప్పు పనీ చేస్తుంది. దీన్ని ఉదాహరణలతో వివరంగా చర్చించాలని ఉంది. కాని కుండ అడుగున మిగిలింది నేను ఒక గరిటెడే. పోలమ్మ వేడి దిబ్బరొట్టె చేతపట్టుకుని ఇటే వస్తోంది. చర్చను రేపటికి వాయిదా వేద్దామంటే నాకు రేపు లేదు. పైగా ఆ రొట్టె చాలా చక్కగా కాలింది.