గుంతకు పోయని నీళ్లు

కంబదూరు పక్క పల్లెలో ఆ యేడు కూడా వాన మొహం చాటేసింది. ట్యాంకరు వచ్చిన రోజు పండగ, రాని రోజు తిట్ల దండకం. అలాంటి ఊళ్లో మన్నుకు నీళ్లు పొయ్యమంటే ఎవరికైనా ఒళ్లు మండదా? నారాయణమ్మకు మండింది.

పదో తరగతి చదివే కూతురు ప్రశాంతి రేకుల ఇంట్లో ఉడికిపోతోందని, భర్త బయ్యన్న గుంతకల్లు సంతలో పాత ఇనుప టేబుల్ ఫ్యాను కొనుక్కొచ్చాడు. వైరింగు చేయడానికొచ్చిన మాబాషా ఇంటి వెనక గుంత తవ్వి, బొగ్గులూ ఉప్పూ వేసి, ఇనుప పైపు పాతి, దానికి ఎర్తు వైరు కట్టాడు.

"అక్కా, దినామూ ఈ గుంతలో బిందెడు నీళ్లు పొయ్యాల. తడి ఉంటే, ఫ్యానుకు కరెంటు పాకినా మన్నులోకి దిగి ఫీజు పోయి కరెంటు ఆగిపోతాది. ఎండిపోయిందా, ముట్టుకున్నోళ్లను కొడతాది" అన్నాడు.

"మనుషులకే లేకపోతే మన్నుకు యాడ తెచ్చేదప్పా?"

"యాడన్నా తెచ్చుకో. ఇది మాత్రం మానద్దు. ఎవురికన్నా షాకు కొడితే మనిషిని ముట్టుకోవద్దు, ముందు స్విచ్చు ఆపాల."

కొన్నాళ్లు పోసింది. కానీ గుంత పక్కనే వాళ్ల ఎనుము కట్టేసి ఉండేది. దాని పాలమ్మితేనే ఇంట్లో పొయ్యి వెలిగేది. బిందె కనబడగానే అది మెడ చాచి నాలుక బయటపెట్టేది. మూగజీవం అలా అడుగుతుంటే మట్టిలో పోయడానికి నారాయణమ్మకు చేతులు రాలేదు. ఒకరోజు తొట్టిలోకి ఒంపేసింది. ఇక అదే అలవాటైంది. పొద్దున్నే బిందె చంకన పెట్టుకుని వెనక్కి వెళ్లే భార్యను చూసి బయ్యన్న నిశ్చింతగా ఉండేవాడు. ఆమె కూడా నోరు విప్పలేదు. చెబితే గుంతకే పొయ్యమంటాడని భయం.

ఎండలు ముదిరాక ఒకనాడు ప్రశాంతి, "అమ్మా, ఫ్యాను ముట్టుకుంటే జుమ్మంటాండాది" అంది.

నారాయణమ్మకు ఎండిన గుంత గుర్తొచ్చింది. ఇంట్లో చూస్తే తాగడానికే బిందె అడుగున కాసిని నీళ్లు.

"ట్యాంకరు రానీ, గుంత నిండా పోస్తా. అంతవరకూ చెప్పులేసుకుని ముట్టుకో."

ప్లగ్గు పీకేసి ఉంటే సరిపోయేది. ఆ ఉక్కలో బిడ్డకు ఆ కాస్త గాలీ లేకుండా చేయబుద్ధి కాలేదు ఆ తల్లికి.

మర్నాడే ట్యాంకరు వచ్చింది. ఊరంతా ఎగబడింది. ప్రశాంతి జనంలో దూరి, పరికిణీ అంతా తడుపుకుని బిందెలు ఇంటికి చేర్చింది. నారాయణమ్మ మొదటి బిందె ఎత్తుకుని వెనక్కి నడిచింది. గుంతకే పోయాలనుకుంది, ఒట్టు. ఎనుము అరిచింది. దానికి పోసి రెండో బిందె కోసం తిరిగేలోగా ఇంట్లో ధబ్బుమని చప్పుడైంది.

చెమటలు కక్కుతూ వచ్చిన పిల్ల తడి చేతులతోనే ఫ్యానును తనవైపు తిప్పుకుని, దాంతో సహా పడిపోయింది. నారాయణమ్మ బిడ్డను ముట్టుకోలేదు, ముందు స్విచ్చు ఆపింది. మాబాషా చెప్పింది ఆ ఒక్క క్షణం తు.చ. తప్పకుండా పాటించింది. ఏం లాభం? బిడ్డ లేవలేదు.

కబురు విని సాయంత్రం మాబాషా పరుగున వచ్చాడు. నేరుగా వెనక్కి వెళ్లి గుంతలోంచి పిడికెడు మన్ను తీశాడు. అంతా దుమ్ము.

"అక్కా, నీళ్లు పోస్తాండావా లేదా?"

నారాయణమ్మ పెదవులు కదిలాయి. ఈలోగా బయ్యన్న అతని మీద విరుచుకుపడ్డాడు.

"ఏమప్పా, నా బిడ్డ పోయింది చాలక దీన్ని అంటావా? దినామూ బిందె ఎత్తుకపోయేది నా కండ్లతో చూసినా. నీ పనే సరిగా లేదు!"

మాబాషా ఆమె వైపు చూశాడు. ఆమె తల దించుకుంది. అతనికి అర్థమైంది. కూతుర్ని పోగొట్టుకున్న ఇంట్లో ఇంకో చిచ్చు పెట్టడానికి అతనికి మనసొప్పలేదు.

"లోతు చాలలేదేమోన్నా. తప్పు నాదే."

ఇక వీణ్ణి ఏ గడపా తొక్కనీయకూడదని వాకిట్లో జనం గట్టిగానే అనుకున్నారు. అతను సంచి భుజాన వేసుకుని వాళ్ల మధ్య నుంచే వెళ్లిపోయాడు.

బయ్యన్న భార్య పక్కన కూలబడి ఆమె తల నిమిరాడు.

"ఏడవద్దే. నువ్వేం చేస్తావు, నువ్వు పోస్తానే ఉంటివి."

ఆమె కాదనలేదు.